మూలగడిలో ఏనుగు

ఉయ్యూరులో శౌరయ్య నేర్పిన చదరంగంలో మూలకు చేరిన బంటు ఏనుగే అవుతుంది. టోర్నమెంట్లలో మంత్రినీ పెట్టుకోవచ్చు. అయినా విజయవాడలో మహిళల టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో మనవరాలు వినీల ఏనుగునే పెట్టింది. తన పల్లెటూరి రూలే పిల్ల కొంప ముంచిందని శౌరయ్య పళ్లు కొరికాడు.

కాసేపటికి అవతలి అమ్మాయి ఓటమి ఒప్పుకుంది.

"మంత్రిని పెట్టలేదేమే, మతిపోయిందా?"

"మంత్రిని పెడితే ఆవిడ రాజుకి కదిలే గడే ఉండదు తాతయ్యా, ఆట డ్రా అయిపోద్ది. ఏనుగైతే రాజుకి ఊపిరాడుద్ది, ఆట మనది!" వినీల పావులు మళ్లీ పేర్చి చూపించింది.

ఎవర్నీ మెచ్చని శౌరయ్య పక్కాయన చెయ్యి పట్టుకుని, "చూశారటండీ మా పిల్లని!" అంటూ ఊపేశాడు. ఆయన ఓడిన అమ్మాయి తండ్రి.