ముందు అక్క ఇంటి అప్పు

వీధి చివర ఒకే గోడను పంచుకున్న రెండు చిన్న ఇళ్ళు అన్నదమ్ములవి. అన్న లారీ డ్రైవరు. తమ్ముడు ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ నడుపుతాడు. ఇద్దరూ ఒకే బిల్డరు దగ్గర, ఒకే ఏడాది, ఇరవయ్యేళ్ళ అప్పు మీద కొనుక్కున్నారు. తమ్ముడికి నెల జీతం ఉంది కాబట్టి బ్యాంకు పిలిచి మరీ తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. అన్న సంపాదన ఒక నెల వరద, ఒక నెల కరువు. బ్యాంకు తల అడ్డంగా ఊపడంతో అతను ఫైనాన్స్ కంపెనీ మెట్లెక్కి, వాళ్ళు అడిగిన వడ్డీకి తలూపి వచ్చాడు.

తోడికోడళ్ళిద్దరూ ఉత్తర దక్షిణాలు. పెద్దకోడలు ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఆమె చేతికి ఎముక లేదు. "పిల్లాడు బడికెళ్ళాలి, డబ్బులు వచ్చే నెల ఇస్తానమ్మా" అని ఎవరైనా నసిగితే చాలు, కుట్టిన జత మడిచి చేతిలో పెట్టేసేది. చిన్నకోడలు మందుల షాపు కౌంటర్లో పనిచేసేది. ఆమె ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలదని వీధిలో చెప్పుకునేవారు. ఆ మాట ఒకసారి ఆమె చెవిన పడింది. "కాకి వచ్చి నా వాయిదా కడుతుందా?" అని తన దారిన తాను పోయింది.

ఇళ్ళు కొని ఐదేళ్ళయ్యాక, ఒకసారి పెద్దాయనకు, అంటే అన్నకు, దూరపు లోడు మీద మంచి కిరాయి వచ్చింది. కొంత అప్పు తగ్గిద్దామని కంపెనీకి ఫోన్ చేసి బాకీ ఎంత ఉందని అడిగాడు. అవతలి అమ్మాయి చెప్పింది విని నవ్వాడు.

"అది మేం తీసుకున్నప్పటి లెక్కమ్మా. ఇప్పటిది చెప్పు."

"ఇప్పటిదే సార్."

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళి, శుభ్రంగానే ఉన్న లారీ అద్దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు.

బడి వదిలాక పెద్దమ్మ దగ్గరే ఉండే కూతుర్ని తీసుకెళ్ళడానికి చిన్నకోడలు వచ్చేసరికి మిషను ఆగిపోయి ఉంది. పెద్దకోడలు సూది కింద గుడ్డ అలాగే వదిలేసి కూర్చుంది.

"ఐదేళ్ళు కట్టాం చెల్లీ. దాదాపు అంతా వడ్డీకేనట. అసలు మాత్రం కొత్తల్లుడిలా కదలకుండా కూర్చుంది" అని నవ్వబోయి ఏడ్చేసింది.

చిన్నకోడలికి ఓదార్చడం చేతకాదు. కింద పడిన గుండీలు ఏరి డబ్బాలో వేసి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. కానీ వారం రోజులు ఆ మాట ఆమెను వదల్లేదు. చివరికి భర్తతో అంది.

"మనం మిగిల్చేదంతా ముందు అక్క వాళ్ళ అప్పులో వేద్దాం."

చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ళ అప్పు మనం తీర్చడమేంటి?"

"రెండు బిందెలు కారుతుంటే ఎక్కువ కారేదానికే కదా ముందు మాటు వేయిస్తాం? వడ్డీ ఎక్కువ పోయేది అక్కడ. అది తీరాక వాళ్ళూ మనమూ కలిసి మనది తీరుద్దాం. విడివిడిగా కడితే ఇరవయ్యేళ్ళూ ఈడ్చుకుంటూ పోవాలి."

"మా వదిన సంగతి నీకు తెలుసుగా. మనిషి బంగారమే, కాదన్ను. ఆవిడ చేతిలో డబ్బు నిలవదు."

"అందుకే ఆవిడ చేతికివ్వను. నేరుగా కంపెనీకే కడతాను."

పక్కగదిలో నడుం వాల్చిన అత్తగారు లేచి వచ్చింది. "ఏరు దాటి తెప్ప తగలేసే లోకం అమ్మాయ్ ఇది. వాడు నా కడుపున పుట్టినవాడే, అయినా చెబుతున్నా. కాగితం రాయించుకో."

"మూడో నెల నుంచి నా పిల్లని అక్క పెంచింది అత్తయ్యా. నా దగ్గర ఏం కాగితం రాయించుకుంది?"

అత్తగారు మళ్ళీ పడుకోవడానికి వెళ్ళిపోయింది.

అసలు కష్టం పెద్దాయనను ఒప్పించడంలో వచ్చింది. తమ్ముడి కుటుంబం కడుపు కట్టుకుని తన అప్పు తీర్చడమనేది ఆయనకు మింగుడుపడలేదు. "వద్దమ్మా, నా తిప్పలేవో నేను పడతాను" అన్నాడు.

"ఊరికే కాదు బావగారూ, ఖరీదుంది. మీరు ఇల్లు ఖాళీ చెయ్యాలి" అంది చిన్నకోడలు. "అందరం మా ఇంట్లో ఉందాం. మీ ఇల్లు అద్దెకిద్దాం. అద్దె కూడా అప్పులోకే."

"మా పిల్లలిద్దరితో కలిపి ఎనిమిది మందిమే! ఒక్క బాత్రూమే!" అంది పెద్దకోడలు.

"ముందు లేచినవాళ్ళది."

అలా రెండు కాపురాలు ఒక గూట్లో చేరాయి. పెద్దకోడలి మిషను కిటికీ కిందికి వచ్చింది. అన్నదమ్ములు చిన్నప్పటిలా ముందుగదిలో పెద్ద మంచం మీద పక్కపక్కన పడుకునేవారు. పెద్దాయన గురకకు చిన్నాయన కాలితో తన్నడం, పొద్దున్నే దాని మీద పంచాయితీ జరగడం మామూలైంది. రెండు వంటలు ఒకటయ్యాయి, రెండు గ్యాసులు ఒకటయ్యాయి. రెండో ఫ్రిజ్ అమ్మేశారు. బజారుకు చిన్నకోడలు ఒక్కతే వెళ్ళేది. పెద్దకోడలు వెళితే బేరమాడకపోగా, కూరగాయల మనిషి కష్టాలు విని మిగిలిన చిల్లర కూడా వదిలేసి వచ్చేది. కంపెనీలో అదనంగా కట్టిన ప్రతిసారీ చిన్నకోడలు, "ఇది అసలులోనే జమ వెయ్యండి, రాబోయే వాయిదాకి కాదు" అని నిలబడి రసీదు చూసుకుని కానీ కదిలేది కాదు.

అంతా సాఫీగా జరగలేదు. రెండో ఏడు స్కూలు వాళ్ళు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళుతున్నారు. చిన్నకోడలు కూతురికి వద్దని చెప్పేసింది. పెద్దకోడలు మిషను రిపేరుకని దాచిన డబ్బు తీసి పిల్లకిచ్చి పంపింది. సంగతి బయటపడ్డాక ఇల్లు దద్దరిల్లింది.

"నా పిల్లకి ఏది కావాలో నాకు తెలీదా అక్కా? ఇలా చేతికొచ్చినట్టు పంచబట్టే కదా మీ గతి ఇలా అయింది!"

"అవును, మా గతి ఇంతే! కానీ పిల్ల గోడకి తిరిగి ఏడుస్తుంటే నువ్వు చూశావా? నేను చూశాను. అప్పు తీరేసరికి దాని చిన్నతనం కూడా తీరిపోతుంది, తెలుసా నీకు?"

నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పు డబ్బా కావాలన్నా అత్తగారి ద్వారానే కబురు. చివరికి ఆవిడకే విసుగొచ్చింది. "నేనేమన్నా టెలిఫోన్ తీగనా? మీరిద్దరే తేల్చుకోండి" అని ఇద్దర్నీ వంటగదిలోకి తోసి తలుపేసింది.

లోపల చాలాసేపు గిన్నెల చప్పుడే వినిపించింది. తర్వాత చిన్నకోడలి గొంతు. "అలా అనుండాల్సింది కాదు అక్కా."

"నేనూ నీకు చెప్పి చేసుండాల్సింది."

ఆ రోజు ఒక కొత్త పద్ధతి పుట్టింది. నెల మొదట్లో అందరికీ, పిల్లలతో సహా, కొంచెం డబ్బు విడిగా ఇస్తారు. అది ఎలా ఖర్చుపెట్టారని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. ఆ డబ్బుతో అత్తగారు జోస్యం చెప్పించుకుందని తెలిసినా చిన్నకోడలు పెదవి కొరుక్కుని ఊరుకుంది. అప్పు తీరడం కొన్ని నెలలు వెనక్కి జరిగింది. ఇల్లు మాత్రం నిలబడింది.

అందరూ కలిసి ఉండటం మొదలుపెట్టిన నాలుగో ఏడు ఫైనాన్స్ కంపెనీ అప్పు తీరింది. దస్తావేజులు చేతికొచ్చిన రోజు పెద్దాయన వాటిని తమ్ముడి భార్య చేతిలో పెట్టి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇక చిన్నవాళ్ళ వంతు. కానీ ఏడాది తిరక్కుండానే పెద్దాయన నడుం పట్టేసింది. దూరాలు నడపడం మానకపోతే మంచం పడతావని డాక్టరు తేల్చేశాడు. లారీ వదిలేసి ఒక గోదాములో సరుకు లెక్క చూసుకునే పనిలో చేరాడు. వచ్చేది సగానికి పడిపోయింది. అదే సమయానికి అద్దెకున్నవాళ్ళు కూడా ఖాళీ చేశారు.

వీధిలో మాటలు మొదలయ్యాయి. ఇక పెద్దవాళ్ళు తమ ఇంట్లోకి వెళ్ళిపోతారు, చిన్నకోడలి లెక్కలన్నీ నీళ్ళపాలే అన్నారు. ఆ మాటలు చెవిన పడకముందే చిన్నకోడలు తనే అంది. "అక్కా, మీరు ఇంటికి వెళ్ళండి. బావగారికి విడిగా మంచం, గాలీ కావాలి. మాది నెమ్మదిగా తీరుతుందిలే."

పెద్దకోడలు బట్ట కత్తిరించడం ఆపలేదు. "ఇంటికి బోర్డు పెట్టమని మీ ఆయనకి చెప్పాను. అద్దెకే ఇద్దాం."

"బావగారి నడుం?"

"పెద్ద మంచం మా ఆయనకిచ్చి మీ ఆయన కింద పడుకుంటాడట. ఆ గురక పక్కన కంటే నయమన్నాడు." కత్తెర పక్కన పెట్టి తోడికోడలి కళ్ళలోకి చూసింది. "నా ఇల్లు తీరే వరకు నువ్వు నా దాంట్లో కట్టావు. ఇప్పుడు నాకు కష్టమొచ్చిందని నీది వదిలేస్తే, రేపు ఆ ఇంట్లో నాకు ముద్ద దిగుతుందా?"

కానీ మాటతో డబ్బు రాదు. యూనిఫారాలు అమ్మే షాపతను ఆమెకు చాలాకాలంగా కుట్టుకూలి బాకీ ఉన్నాడు. అడిగినప్పుడల్లా "వచ్చే నెల చూద్దాంలేమ్మా" అనేవాడు. ఆమె సరేనని వచ్చేసేది. ఈసారి బడులు తెరిచే ముందు వారం, కుట్టిన బట్టల మూట ఆటోలో వేసుకుని ఒక్కతే వెళ్ళింది. షాపు జనంతో కిటకిటలాడుతోంది. మూట దింపి, దాని మీద కూర్చుంది.

"వచ్చావా అమ్మా! మూట ఇటివ్వు" అన్నాడు షాపతను.

"పాత బాకీ ఇవ్వండి, ఇస్తాను."

అతను నవ్వాడు. "బేరాల టైములో ఇదేంటమ్మా? వచ్చే నెల చూద్దాంలే."

"సరే. వచ్చే నెల దాకా ఇక్కడే కూర్చుంటాను. నాకు తొందరేం లేదు."

కొంగు నడుముకు బిగించి మూట మీద సర్దుకుని కూర్చుంది. జనం ఇటు తిరిగి చూడసాగారు. ఒక తల్లి, "ఏమండీ, మా వాడి సైజు ఆ మూటలోనే ఉందా?" అని అడిగింది. "ఉందమ్మా, అన్ని సైజులూ ఉన్నాయి. కూలి రాలేదు, అంతే" అంది పెద్దకోడలు. షాపతను చుట్టూ చూసి, గల్లాపెట్టె తెరిచాడు.

ఆటోలో తిరిగి వస్తూ ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇల్లు చేరి డబ్బు చిన్నకోడలి ఒళ్ళో పోసి, "చెల్లీ, అడిగితే ఇస్తారే!" అంది, ప్రపంచంలో ఎవరికీ తెలియని రహస్యం కనిపెట్టినట్టు.

ఆ తర్వాత ఆమె అరువు పూర్తిగా మానలేదు, కానీ అడగడం నేర్చుకుంది. కొత్తగా వచ్చిన అద్దె, ప్రెస్సులో చిన్నాయన ఓవర్‌టైము, గోదాము జీతంలో మిగిలినది, పెద్దకోడలి పెద్ద కొడుకు కాలేజీకి వెళ్ళొస్తూ చెప్పే ట్యూషన్ల డబ్బు, అన్నీ బ్యాంకు వైపే నడిచాయి. అనుకున్న దానికంటే ఏడాది ఆలస్యమైంది. అయినా బ్యాంకు పెట్టిన గడువుకు ఇంకా ఏడేళ్ళు ఉండగానే చివరి వాయిదా కట్టేశారు. కాగితాలు ఇచ్చిన ఆఫీసరు, "లాటరీ ఏమన్నా తగిలిందా?" అని అడిగాడు. చిన్నాయన బయట బెంచీ మీద కూర్చున్న వదినను చూపించి, "అదిగో సార్, లాటరీ" అన్నాడు.

మరుసటి నెల పెద్దవాళ్ళు తమ ఇంటికి వెళ్ళిపోయారు. మిషను, బట్టలు, పుస్తకాలు ఒక్క పూటలో సర్దుకున్నారు. అత్తగారు రెండు గుమ్మాల మధ్య నిలబడి, "మరి నేను?" అంది.

"మీ ఇష్టం అత్తయ్యా."

"పగలు అక్కడుంటా, రాత్రి ఇక్కడుంటా. గొడవొస్తే గుమ్మంలో ఉంటా" అంది.

ఒకటో తేదీన జీతం వచ్చింది. మొదటిసారిగా అందులోంచి ఒక్క పైసా ఏ అప్పులోకీ వెళ్ళలేదు. సాయంత్రం చిన్నకోడలు వంటింటి గట్టు మీద కూర్చుని, బోసిపోయిన ముందుగదిని చూసింది. పన్నెండేళ్ళకు పైగా రోజంతా కౌంటరు వెనక నిలబడిన పాదాలను ఒకదాని మీద ఒకటి రుద్దుకుంది.

"ఏంటి ఆలోచిస్తున్నావు? పిల్ల చదువుకి దాద్దామనా?" అని అడిగాడు భర్త.

"అదీ ఉంది. కానీ రేపు నువ్వు సెలవు పెట్టు. నేనూ పెడతాను."

"ఎందుకు? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"ఎవరికేమీ కాలేదు. ఊరికే."

చిన్నాయన ఆమె నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమన్నా ఉందేమోనని చూశాడు. ఆమె ఆ చేతిని తోసేయలేదు.

మర్నాడు ఇద్దరూ పొద్దున్నే బయల్దేరి ఎటు వెళ్ళారో వీధిలో ఎవరికీ తెలియదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె ముఖం ఎండకు కమిలి ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దకోడలు, "ఎక్కడికెళ్ళారే?" అని అడిగింది.

"ఊరికే తిరిగాం అక్కా, తర్వాత చెబుతాను" అంటూ చిన్నకోడలు ఆమె పక్కన చతికిలబడి, చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది.