‘గాలివాటు’ రెండో వైపు

పప్పు మాడడం శ్రీరామమూర్తికి కొత్త కాదు. భార్య పోయిన దగ్గర్నించీ వంట ఆయనదే, మాడ్చిందీ తిన్నదీ ఆయనే. ఆ ఉదయం మాత్రం పరధ్యానం లేదు. కుక్కరు ముందే నిలబడి చూస్తున్నాడు. ఆవిరి ఎగజిమ్మింది. మూత మీది వెయిటు ఎగిరెగిరి పడింది. కూత వినబడలేదు.

స్టవ్ ఆపేసి కుర్చీలో కూలబడ్డాడు. చేవెళ్ల కాలేజీలో ఏళ్ల తరబడి ధ్వని పాఠం చెప్పిన మనిషి. వయసు మీద పడితే చెవి ముందుగా సన్నని స్వరాలనే వదులుకుంటుందని పిల్లలకు నవ్వుతూ చెప్పేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్లాలని తెలుసు. కానీ భార్య బాలత్రిపురసుందరి ఆఖరి రోజుల్లో ఆయన తెరిచిన ప్రతి రిపోర్టూ ముందుదానికంటే చెడ్డ కబురే చెప్పింది. మళ్లీ ఆ ఆస్పత్రి బెంచీ మీద కూర్చునే ధైర్యం ఆయనకు లేదు.

అందుకని తన పరీక్ష తనే పెట్టుకుందామనుకున్నాడు. అలమారలోంచి ‘గాలివాటు’ తీశాడు.

ఎజ్రా అనే వేణు విద్వాంసుడు తొంభైల చివర్లో తెచ్చిన క్యాసెట్ అది. కోనసీమ నుంచి మొయినాబాద్‌కు వచ్చిన కొత్తలో, ఇక్కడి మాట సరిగా అర్థంకాని ఆ దంపతులకు చుట్టమైనా నేస్తమైనా ఆ వేణువే. రెండో వైపు చివరి రాగంలో ఒకచోట మృదంగం ఆగిపోతుంది. వేణువొక్కటే పైకి, ఇంకా పైకి పోయి, వెంట్రుకంత సన్నగా నిలబడుతుంది. అక్కడికి రాగానే సుందరి కూర తరగడం ఆపేసి తలెత్తేది. ఆమె పోయాక ఆయన ఆ క్యాసెట్ జోలికి పోలేదు.

ఆ స్వరం వినబడితే భయం లేదు. వినబడకపోతే సుందరి తలెత్తిన ఆ క్షణంలోకి దారి మూసుకుపోయినట్టే.

పాత టేప్ రికార్డర్ ప్లగ్గు పెట్టి, మీట నొక్కి కళ్లు మూసుకున్నాడు. ఫ్యాను అక్కర్లేని చలిరోజులు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. తంబుర మొదలైంది, తర్వాత మృదంగం. ఆ బరువైన నాదాలు చెక్కుచెదరలేదు. ఆ పాటి దయకే లోపల దండం పెట్టుకున్నాడు. వేణువు కింది స్వరాల్లో తిరుగుతున్నంతసేపూ ఆ చోటు కోసమే కాచుకున్నాడు.

మృదంగం ఆగింది.

అప్పుడు లేచింది వేణువు. పైకి, ఇంకా పైకి, ఒక్క స్వరమూ జారకుండా. మోకాలి మీద తాళం వేస్తుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి.

భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడ్డాడు. ఆయన అద్దెకుంటున్న ఇంటి యజమాని సంగయ్య. పక్క ఊరు చిన్న మంగళారంలో చామంతి తోట చేస్తాడు, ఇటు వస్తే ఆకుకూర ఇచ్చి పోతాడు.

“గేటు కాడికెళ్లి ఒర్రుతున్న సారూ, పలకవైతివి. ఏంది, పాట లేకుంటనే తాళమేస్తున్నవ్?”

“లేకపోవడమేంటండీ? అయిపోవస్తోంది, ఒక్క నిమిషం.”

“కరెంటు లేదు గద. లైన్ల మీద కొమ్మలు కొడుతున్నరు.” సంగయ్య నవ్వాడు. “మా అవ్వ గిట్లనే, టీవీ బంద్ వెట్టినా సీరియల్ జూస్తనే ఉంటది.”

శ్రీరామమూర్తి టేప్ రికార్డర్ వైపు చూశాడు. ఎర్రదీపం ఆరిపోయి ఉంది. చక్రాలు కదలడం లేదు. మరి తను ఇంతసేపూ విన్నదేమిటి?

ఆయన ముఖం చూసి సంగయ్య నవ్వు మానేశాడు. “ఏమైంది సారూ? బీపీ గోలి ఏసుకున్నవా?”

ఆయన బదులు చెప్పేలోపే కరెంటు వచ్చింది. నొక్కిన మీట అలాగే ఉండడంతో టేపు గుర్రుమని ఆగినచోటి నుంచి కదిలింది. మృదంగం నాలుగు దెబ్బలు మోగి ఆగింది. ఇందాక మృదంగం ఆగిందనుకున్నది కరెంటు పోవడం. మృదంగం అసలు ఆగడం ఇప్పుడు.

ఈసారి ఆయన కళ్లు మూయలేదు. చక్రాలు తిరుగుతున్నాయి. ఆయన చెవికి మాత్రం ఏమీ అందలేదు. సంగయ్య తల పక్కకు వంచి, నోరు కొంచెం తెరిచి నిలబడిపోయాడు.

“ఏం వినపడుతోంది సంగయ్య గారూ?”

“అదేంది, నీకు...” సంగయ్య మాట మింగేశాడు. “పిల్లనగ్రోవి సారూ. సన్నగ.”

“పైకి పోతోందా?”

“పోయింది. ఇగ దిగుతున్నది. మెల్లగ, మెట్లు దిగినట్టు.”

“దిగదండీ. అక్కడే నిలబడుతుంది.”

“దిగుతున్నది సారూ. నేనెందుకు అబద్ధమాడుత?”

అసలు భయం అప్పుడు పట్టుకుంది ఆయన్ని. చెవి పోయినా లోపల దాచుకున్నదైనా మిగులుతుందని ఒక మూల ధైర్యంగా ఉన్నాడు. ఆ లోపలిది ఎప్పుడో మారిపోయింది. దిగిపోయే స్వరాన్ని దిగనివ్వకుండా పైనే పట్టుకుని కూర్చుంది. మరి రోజూ పొద్దున్నే తనకు వినబడే సుందరి గొంతో? ‘ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది’ అనే ఆ మాట ఆమెదేనా, తను అల్లుకున్నదా? అడుగుదామంటే మనిషి లేదు.

“చెవుల డాక్టరు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?” అన్నాడు.

“చేవెళ్లల ఉన్నడు. మా బామ్మర్దికి మిషన్ వెట్టిండు. ఇప్పుడు గుసగుసలు గూడ ఇంటుండు, ఆని పెండ్లానికే తక్లీఫ్ అయితున్నది.”

శ్రీరామమూర్తికి నవ్వు రాలేదు. “ఇప్పుడే వెళ్దాం. రేపంటే నేను రాను.”

సంగయ్య గుమ్మం వైపు నడిచాడు. “పా సారూ, బండి బయటనే ఉన్నది.”

బండి చేవెళ్ల రోడ్డెక్కింది. ముందు నుంచి సంగయ్య ఏదో అన్నాడు. గాలి హోరులో మాట అందలేదు, వెనక కూర్చున్న ఆయనకు పెదవుల కదలికా కనబడలేదు. ఆయన పలకకపోయేసరికి సంగయ్య బండి పక్కకు ఆపాడు. పూర్తిగా వెనక్కి తిరిగి, ముఖం ఎదురుగా పెట్టి, తొందరపడకుండా మళ్లీ అన్నాడు.

“గట్టిగ పట్టుకో సారూ. ముందట రోడ్డు మంచిగ లేదు.”

ఆయన రెండు చేతులతోనూ సంగయ్య భుజాలు పట్టుకున్నాడు.