బోసి చేతులు

మమతను నల్లగొండ బస్టాండులో చూశానని శ్యామలమ్మ చెప్పిందట. చెప్పింది నవనీతకు కాదు, అంగన్‌వాడీ టీచర్ మల్లికకు. మల్లిక కడుపులో మాట ఒక పూట కూడా నిలవదు. కనుబొమలు తీయించుకుందామని వచ్చి, కుర్చీలో తల వెనక్కి వాల్చిందో లేదో మొదలుపెట్టింది.

"మీ ఆడబిడ్డ నారాయణపేటల పెద్దక్క ఇంటికి పోయిందంటివి గదనే నవనీతా. శ్యామలమ్మ మోకాళ్ళ నొప్పులకని నల్లగొండ దవాఖానకు పోతే బస్టాండుల కండ్లవడ్డదట. ఒక్కతి గాదట. పది మంది పోరీలట, అందరికీ ఒక్క తీరు గులాబి కోట్లట. ఏంది బిడ్డా గీడున్నవంటే, బ్యూటీ పార్లర్ ట్రైనింగ్ పెద్దమ్మా, మూడు నెలలు గీడనే ఉంటమన్నదట. నేనైతే నమ్మలే. గా ట్రైనింగుకు పెట్టుకున్నది నువ్వు గద అన్న. శ్యామలమ్మకు దూరం చూపు ఆనదాయె."

నవనీతకు జవాబు చెప్పడానికి వీల్లేదు. దారం ఒక కొస ఆమె పళ్ళ మధ్య ఉంది, మెలి తిరిగిన దారం మల్లిక ఎడమ కనుబొమ మీద ఉంది. ఈ పనిలో ఎదుటివాళ్ళు ఏమన్నా పళ్ళు బిగబట్టుకొనే వినాలి. కళ్ళు మూసుకున్న మల్లికకు ఆమె మొహం కనపడలేదు. లేచి అద్దంలో చూసుకుంటే ఎడమ కనుబొమ కుడిదానికన్నా సన్నబడింది. పదకొండేళ్ళలో ఇలా జరగడం అదే మొదలు.

మర్రిగూడ మెయిన్ రోడ్డు మీద ఆ షాపు ముందు భాగం భర్త నరేశ్‌ది. మూడు కుర్చీలు, గోడ నిండా అద్దాలు, పైన పెద్దక్షరాలతో అతని పేరు. ప్లైవుడ్ అడ్డం పెట్టిన వెనక భాగం నవనీతది. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక పరదా. ఆడవాళ్ళు పక్క సందులోంచి వస్తారు. అక్కడ ఏ బోర్డూ లేదు. ఊళ్ళో బోరు నీళ్ళకు షాంపూ నురగ రాదు కాబట్టి తలలు కడగడానికి ప్లాంటు నుంచి క్యాన్లు తేవాలి. ముందు భాగానికైనా వెనక భాగానికైనా క్యాన్లు మోసేది ఆమే, తువ్వాళ్ళు పిండేది ఆమే, నేల మీది వెంట్రుకలు ఊడ్చేది ఆమే. పొద్దున్నే వంట చేసి, కూతుర్ని బడికి పంపి, అత్త అండాలుకు షుగర్ గోళీ ఇచ్చి వచ్చాక మొదలయ్యే పని అది. "ఇంటి ముందట షాపు, ఏం కష్టమున్నది? ఇంట్ల ఉన్నట్టే గద," అంటాడు నరేశ్.

పత్తి ఏరడాలు అయిపోయి పెళ్ళిళ్ళు మొదలయ్యే రోజుల్లో ఆడవాళ్ళు పరదా తీసుకొని వచ్చి చెంపలు చూపిస్తారు. "జర మొఖం మెరిసేటట్టు ఏమన్న చెయ్యి పిల్లా, ఎల్లుండి మా చెల్లె లగ్గం." నవనీత వాళ్ళను దేవరకొండ పంపిస్తుంది. నాకు రాదు అన్న ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు నోట్లో ఉప్పు కలిసినట్టు ఉంటుంది. వెంట్రుకలంటే ఎవరూ నేర్పకుండానే, పెళ్ళయిన కొత్తలో పరదా సందులోంచి మొగుడి చేతులు చూసి చూసి పట్టేసింది. చర్మం అట్లా కాదు. ఒక్క నిమిషం ఎక్కువైతే కాలుతుంది. నేర్చుకొని చేయాల్సిందే.

రెండేళ్ళుగా ఆమె వెతకని దారి లేదు. హైదరాబాదు అకాడమీకి ఫోన్ చేస్తే ఒక పిల్ల సగం ఇంగ్లీషులో ఆరు నెలలంది, ఆ పిల్ల చెప్పిన ఫీజు విని ఈమె ఫోన్ పెట్టేసింది. మహబూబ్‌నగర్‌లో క్రీముల కంపెనీ వాళ్ళు ఫంక్షన్ హాల్లో మూడు రోజులు నేర్పుతామంటే బస్సెక్కి పోయింది. మొదటి రోజంతా క్రీముల పేర్లు చదివించి, రెండో రోజు నుంచి కొనమని వెంటపడ్డారు. ఇక ఫోన్లో వీడియోలు. అన్నం ఉడుకుతుంటే గట్టు మీద ఆనించి చూసేది. అందులో మొహాలన్నీ ముందే నున్నగా ఉండేవి, ఎండలో కమిలిన చెంపకు ఏది ఎంతసేపు ఉంచాలో ఎవరూ చెప్పలేదు. ఒకసారి తన చెంప మీదే బ్లీచ్ పెట్టి చూసుకుంటే వారం రోజులు మంట. కోతికి కొబ్బరికాయ దొరికినట్టున్నది అని నరేశ్ ముందు కుర్చీల్లో వాళ్ళకు చెప్పి నవ్వించాడు. చివరికి నల్లగొండ మహిళా శిక్షణ కేంద్రం సంగతి తెలిసింది. మూడు నెలలు, ఫీజు లేదు, ఉండడానికి హాస్టల్, చర్మం గురించి చెప్పడానికి డాక్టరమ్మ వస్తుంది, చివర్లో సర్టిఫికెట్. ఒక షాపుకు ఒక్కటే సీటు. వయసు ముప్పై ఐదు నిండి ఉండకూడదు. నవనీతకు ముప్పై ఐదు నిండడానికి అప్పటికి నెలన్నర ఉంది. ఈ బ్యాచ్ తప్పితే ఇక ఆ గడప ఎక్కేది లేదు.

నరేశ్ కాదనలేదు. అదే ఆమెకు ఆశ్చర్యం. "మీసేవల నేను పెడత తియ్యి, నీకు గదంత తెల్వదు," అని ఆధార్ కార్డు తీసుకున్నాడు. వారం తర్వాత, పని చేతనవుతుందో లేదో చూడటానికి వీడియో పంపమన్నారని చెప్పి తానే ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. లైటు పట్టుకున్నది మమత. పదేళ్ళప్పటి నుంచి నవనీత చేతి అన్నం తిని, నవనీత చేత తల దువ్వించుకొని, దారం పట్టడం నవనీత దగ్గర నేర్చుకున్న పిల్ల.

"మొఖం అవసరం లేదట. చేతులే సాలట," అన్నాడు నరేశ్. "గాజులు తీసెయ్. చప్పుడైతది."

ఆమె తీసేసింది. పక్కింటి అమ్మాయి జుట్టును పాయలుగా విడదీసి, క్లిప్పులు పెట్టి, మెడ దగ్గరి నుంచి పైకి ఒక్కో వరస కత్తిరించుకుంటూ పోయింది. చేతులు వాటంతటవే పోతుంటే మనసులో ఒకటే అనుకుంది: ఇంతకాలానికి ఈయన నా పనిని నిలబడి చూస్తున్నాడు.

తర్వాత పది రోజులకు నరేశ్ చెప్పాడు: "లిస్టు వచ్చింది. అండ్ల నీ పేరు లేదు." ఆమె ఏడవలేదు. వయసు చూసి తీసేసి ఉంటారనుకుంది. ఆ మరుసటి సోమవారం మమత నారాయణపేట పోతానంటే కారప్పూస చేసి డబ్బాలో పోసి ఇచ్చింది. పోయేముందు తలంటి, జుట్టు చివర్లు సమంగా కత్తిరించి పంపింది.

మల్లిక వెళ్ళిపోయాక నవనీత పరదా వేసి ఇంట్లోకి నడిచింది. నరేశ్ అన్నం తింటున్నాడు. అండాలు గడపలో కూర్చొని కందిపప్పు ఏరుతోంది.

"మమత ఏడున్నది?"

"నారాయణపేటల. ఎందుకు?"

"నల్లగొండల ఉన్నదట గద."

"ఎవరు చెప్పిండ్రు?"

అబద్ధమని అనలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. అంతటితో నవనీతకు అర్థమైంది. లిస్టులో నీ పేరు లేదని అతను చెప్పింది నిజమే. ఎవరి పేరు ఉందో చెప్పలేదు, తాను అడగలేదు.

"ఎందుకు గిట్ల చేసినవ్?" అంది.

"ఏం చేసిన?" నరేశ్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "నువ్వు మూడు నెలలు పోయి కూసుంటే ఇల్లెవరు చూస్తరు? బిడ్డకు టెన్తు. అవ్వకు షుగర్. దినాం హోటల్ల తినాల్నా మేము? మమతకు సంబంధాలొస్తున్నయి. పెట్టెల పెట్టుకున్న డిగ్రీని ఎవరడుగుతుండ్రు, చేతిల పనుంటే పిల్లగాండ్లు దొరుకుతరు. గోడకు సర్టిఫికెట్ ఉంటే షాపు నడుస్తది. అండ్ల ఎవరి పేరుంటే నీకేంది? పని ఎట్లన్నా నువ్వే చేస్తవు గద."

చివరి మాటలో వెటకారం కూడా లేదు. పొద్దు పొడుస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు.

"నేనెన్ని కాన్పులు చేసిన ఈ ఊళ్ళె," అంది అండాలు పప్పులోంచి తల ఎత్తకుండా. "ఏ సర్టిఫికెట్ ఉండె నాకు? అర్ధరాత్రి, అపరాత్రి, పిలిస్తే పోయిన. పని వచ్చినోళ్ళకు కాయితం ఎందుకే?"

అక్కర్లేని కాగితమైతే కూతురు మమతకు ఎందుకు కావాల్సి వచ్చిందో నవనీత అడగలేదు. అడగకుండానే తెలిసింది. కాగితం ఉన్న నర్సమ్మ ఊళ్ళోకి వచ్చిన నాటి నుంచి అత్త ఇంటి గడపలో కూర్చుంది. మంత్రసాని అండాలమ్మను పిలిచినవాళ్ళు, ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళు, సైకిల్ మోటార్ల మీద ఆమె ముందు నుంచే దవాఖానకు పోయారు. కాగితం లేని చేతులు ఏమవుతాయో ఈ ఇంట్లో అందరికన్నా ఆమెకే తెలుసు. తెలిసే బిడ్డకు ఇప్పించుకుంది. తెలిసే కోడలికి వద్దనుకుంది.

ఇంకొకటి కూడా అప్పుడే తోచింది. గిన్నెలు తోముతుంటే ఒక గాజు పగిలినా అండాలు ఊరుకునే మనిషి కాదు. మొగడున్నదాని చేతులు బోసిగా ఉండొద్దని, గాజులు తొడుక్కునేదాకా అన్నం కూడా వడ్డించనిచ్చేది కాదు. కనీసం పసుపు తాడన్నా కట్టుకోమనేది. అట్లాంటిది వీడియో తీసిన రోజు, రెండు చేతులకు ఒక్క గాజు లేకుండా కోడలు అటూ ఇటూ తిరుగుతుంటే చూసి, మొహం పక్కకు తిప్పుకొని తమలపాకుకు సున్నం రాసుకుంది. గాజుల్లేని చేతులు పెళ్ళికాని పిల్ల చేతుల్లా కనపడతాయి. చప్పుడు కాదు అసలు సంగతి.

"గాజులు తీస్తుంటె ఎందుకు ఊకున్నవత్తమ్మా?"

అండాలు ఒక రాయి ఏరి బయటికి విసిరింది. ఇంకో రాయి కోసం వెతికింది.

ఆ మధ్యాహ్నం నవనీత తువ్వాళ్ళు నానబెట్టింది, పిండింది, దండెం మీద ఆరేసింది. ముందు షాపు ఊడ్చింది. మొగుడు మోసం చేశాడంటే ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నాడేమో అనుకుంటుంది లోకం. అట్లాంటిదైతే చెప్పుకొని ఏడవడానికి నలుగురు దొరుకుతారు, పంచాయతీ అవుతుంది. ఇదేమని చెప్పుకోవాలి? నన్ను చదువుకు పోనియ్యలేదని చెప్పాలా, నా పని చూపించి ఇంకొకరికి చదువు ఇప్పించారని చెప్పాలా? ఆడబిడ్డ మంచికోసమే గదా అంటారు. అది అంతా కలిసి చేసిన పని. ఒకరు ఫోన్ పట్టారు, ఒకరు లైటు పట్టారు, ఒకరు మొహం తిప్పుకున్నారు. ఆ ఇంట్లో తెలియని మనిషి తానొక్కతే.

శనివారం మమత ఫోన్ చేసింది. నవనీతకు కాదు, అన్నకు. నరేశ్ ఫోన్ పెట్టేసి పరదా దగ్గరికి వచ్చాడు. మొహంలో సిగ్గులేదు, హడావిడి ఉంది.

"గా మేడం వీడియో చూసి మస్తు ఖుషీ అయిందట. సోమవారం క్లాసు ముందట మమతనే గట్ల కత్తిరించి చూపియ్యమన్నదట. దానికి ఏడ వస్తది? ఏడుస్తాంది. రేపు ఐతారం, ఇంటోళ్ళను కలవనిస్తరు. నువ్వొచ్చి జర చేయి పట్టి చూపియ్యి."

"సరే," అంది నవనీత.

అంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. "గందుకే నువ్వంటే అందరికి ఇష్టం," అన్నాడు.

పొద్దున లేచి మమతకు ఇష్టమైన పచ్చి పులుసు, కోడిగుడ్ల కూర చేసి టిఫిన్‌లో సర్దింది. ఆధార్ కార్డు, టెన్త్ మెమో సంచి అడుగున పెట్టుకుంది. పుట్టిన రోజుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. టిఫిన్ నరేశ్ ఒళ్ళో ఉంది.

కేంద్రం వరండాలో గులాబి కోటు వేసుకున్న మమత వదినను చూడగానే చేతులు పట్టుకుంది. అన్నను కాస్త దూరంగా వదిలి గోడవారకు లాక్కుపోయింది.

"వదినా, తిట్టకు. నాకు గూడ ముందుగాల తెల్వదు."

"ఎప్పుడు తెలిసింది?"

మమత తల దించుకుంది. "లైటు పట్టే దినానికి తెలుసు. అన్న ముందటిరోజే చెప్పిండు." కళ్ళు తుడుచుకుంది. "నువ్వు చెప్తే వీళ్ళు నన్ను ఇంటికి పంపుతరు వదినా. అందరి ముందట ఇజ్జత్ పోతది. నువ్వే గద నాకు అమ్మ లెక్క. ఒక్కపారి చూపియ్యి, నేను నేర్సుకుంట. వచ్చినంక నీకు అన్నీ నేర్పిస్త. ఒట్టు."

నవనీత ఆ పిల్ల జుట్టు వైపు చూసింది. వారం కింద తాను సమంగా కత్తిరించిన చివర్లు భుజాల మీద అట్లాగే ఉన్నాయి. కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది, జాలి వెనకే ఇంకా పెద్ద కోపం వచ్చింది. చూపించి వెళ్ళిపోవచ్చు. ఇట్లాగే కదా బతికింది. అవతలివాళ్ళ ఇజ్జత్ ఎప్పుడూ తన చేతుల్లో పెడతారు, తన సంగతి ఎవరి చేతుల్లోనూ ఉండదు.

అప్పుడే మేడం వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, మెడలో కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. "మమతా, మీ వాళ్ళా? రాండ్రి, లోపలికి రాండ్రి," అని క్లాసు గదిలోకి తీసుకుపోయింది. నలుగురైదుగురు అమ్మాయిలు బొమ్మ తలలకు జడలు వేస్తున్నారు. వాళ్ళు పని ఆపి చూశారు.

"మీ పిల్ల వీడియో చూసే మొదటి లిస్టుల తీసుకున్న," అంది మేడం నరేశ్‌తో. "పదేండ్ల చేయి అది. ఇక్కడికొచ్చినంక మాత్రం కత్తెర పట్టుకుంటే వణుకుతాంది. ఏమైందో అర్థమైతలేదు."

"కొత్త జాగ గద మేడం, భయపడుతాంది," అన్నాడు నరేశ్ నవ్వి. "ఇంట్ల మంచిగనే చేస్తది."

మేడం నవనీత వైపు తిరిగింది. "నీకు గూడ వస్తదామ్మా ఈ పని?"

"ఆమెకేం రాదు మేడం," నరేశే చెప్పాడు. "ఊకె ఊడ్చుడు, తువ్వాలలు పిండుడు. పిల్లకు అన్నం తెచ్చింది, గంతే."

అమ్మాయిల్లో ఒకరు చిన్నగా నవ్వారు. మమత కళ్ళతోనే వద్దు వద్దని బతిమాలుతోంది. నవనీత సంచిలోంచి కార్డు, మెమో తీసి మేడం ముందు బల్ల మీద పెట్టింది.

"అన్నం ఈయన తెచ్చిండు మేడం. నేను నా సీటు కోసం వచ్చిన."