దూలాలు మోసే నడిమి గోడ

నేను ఒక నడిమి గోడను. వీధిలో పోయేవాళ్లకు కనపడను. కనపడేది ప్రహరీ గోడ. దానికి రంగులేస్తారు, ఇంటి పేరు రాయిస్తారు. అది మోసేది మాత్రం ఆరేసిన దుప్పట్లను. పెరటి వెనక రాతిగోడ అట్లా కాదు. దిబ్బ మట్టి ఇంట్లోకి జారకుండా వీపు పెట్టి నిలబడింది. దాన్నెవరూ పలకరించరు.

నన్ను కట్టించింది పొగాకు బేరగాడు చెంచయ్య. ఊరి బట్టీ ఇటుకతో, సున్నంతో తొమ్మిదించుల మందాన లేపించి, నా నెత్తిన ఆరు టేకు దూలాలు పెట్టించాడు. వాటి మీదే మిద్దె. దీపం పెట్టుకోను నా ఒంట్లో ఒక గూడు వదిలించాడు. తర్వాత కొన్న బ్యాంకు గుమాస్తాకు దూలాలు మోటుగా కనపడ్డాయి. కింద చెక్కల సీలింగు కొట్టించి దాచేశాడు. మోసేవాటిని దాచడం మనుషులకు అదో ముచ్చట.

ఇప్పుడు ఇల్లు కోటిరత్నానిది. వరండాలో ఇడ్లీ, గారె వేస్తది. ఎదురుగా ఒకాయన కుర్చీలేసి హోటలు తెరిచాక, నిలబడి తినేవాళ్లు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. లోపల బల్లలు వెయ్యకపోతే పొయ్యి ఆర్పుకోవడమే. అందుకని నన్ను పడగొట్టి ముందుగది, వెనకగది కలపాలనుకుంది. గూట్లో మేకు కొట్టి చూస్తే అవతలికి వచ్చింది. "నాలుగించుల అడ్డుగోడే" అని తేల్చేసింది.

మాలకొండయ్య మేస్త్రి వచ్చి సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. పూత రాలింది. సమ్మెట కింద పెట్టాడు.

"ఏందయ్యా, అప్పుడే అలుపొచ్చిందా?"

"ఇటుక చూడక్కా. ఒకటి పొడుగు, ఒకటి అడ్డం. గదులు పంచే గోడకి ఇంత మందం ఎవడు పెడతాడు?"

"మేకు దిగింది గదా."

"గూట్లో కొట్టావు. పొట్టలో పొడిచి ఎముకల్లేవంటే ఎట్టా?"

నిచ్చెనేసి రెండు చెక్కలు ఊడదీశాడు. నా మీద కూర్చున్న దూలాల కొనలు బయటపడ్డాయి. కోటిరత్నం పైకి చూసి, మెల్లగా రెండడుగులు వెనక్కేసింది.

"కొట్టేసుంటే?"

"మన దినాలకి నీ గారెలే వడ్డించేవాళ్లు."

ఆమె నవ్వలేదు. "మరి నా బల్లలు?"

ముందుగదిని రెండు చేస్తూ గుమాస్తా లేపిన గోడ దగ్గరికి పోయి మేస్త్రి పిడికిలితో కొట్టాడు. బోలుగా మోగింది. "ఇదీ నాలుగించుల గోడంటే. దీని నెత్తిన చెక్కలే తప్ప ఏం లేదు." దానికి పెళ్లి ఫొటో తగిలించి ఉందని ఆమె దాని జోలికే పోలేదట. మధ్యాహ్నానికి అది నేలకొచ్చింది. పాపం, మంచి పొరుగు.

నాలుగు బల్లలు పట్టాయి. ఎదురింటికి పోయినవాళ్లలో సగం మంది తిరిగొచ్చారు. తిని నాకే ఆనుకుంటారు. మొన్న పొగాకు ఎండబెట్టే బేరన్ల దగ్గర పనిచేసే ముసలాయన లేచి, సున్నం మీద తన తలనూనె మరక చూసి నొచ్చుకున్నాడు.

"గోడ పాడుచేశా రత్నమ్మా."

"ఆనుకో బాబాయ్" అంది ఆమె, గారె తిరగేస్తూ. "మిద్దెనే మోస్తంది, నీ తల బరువా?"