తిరగేసి తొడిగిన గౌను

నేను ఒక బొమ్మను. ఆడుకునే బొమ్మను కాను. పిల్లల బట్టలు కుట్టే కొట్లో, కుట్టిన గౌను ఎలా ఉందో తొడిగి చూసుకునే బొమ్మను. నాకు తల లేదు. కాళ్ళ బదులు ఒక ఇనుప కడ్డీ ఉంది. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, అవి కూడా కిందికే దిగి ఉంటాయి. పైకి లేవవు.

నన్ను చేసింది బెజవాడలో పరుపులు కుట్టే ఒక ముసలాయన. గోనెపట్టా కుట్టి, లోపల రంపపు పొట్టు కూరి, పైన బూడిదరంగు గుడ్డ బిగించాడు. నాలుగైదేళ్ళ పిల్ల కొలతలు కావాలని ఎవరో అడిగితే పక్కింటి పిల్లను పిలిచి నిలబెట్టాడు. ఆ పిల్ల నిలబడితేనా! ఒక కాలు మీద గెంతింది, టేపు లాగింది, పొట్ట ఉబ్బించి నవ్వింది. ముసలాయన విసిగిపోయి ఊరుకున్నాడు. మధ్యాహ్నం ఆ పిల్ల అరుగు మీద నిద్రపోతుంటే మెల్లగా వెళ్ళి కొలుచుకుని వచ్చాడు.

అందుకని నా కొలతలు మెలకువగా ఉన్న పిల్లవి కావు. నిద్రపోతున్న పిల్లవి. ఈ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నన్ను కొన్నవాళ్ళెవరికీ తెలియదు. అడిగినవాళ్ళు లేరు.

మొదట నన్ను కొన్నది బెజవాడలోనే ఒక బట్టల షాపాయన. వాకిట్లో ఎండలో నిలబెట్టేవాడు. తల్లులు వచ్చి నా భుజం నొక్కి, నడుం గిల్లి, "బాగానే ఉందే" అని పిల్లలకు కొనుక్కుపోయేవాళ్ళు. గౌను తొడుక్కోబోయే పిల్ల పక్కనే ఉండేది. ఆ పిల్లను అడిగినవాళ్ళు తక్కువ. బట్ట తొడుక్కునేది ఒకరు, నచ్చాల్సింది ఇంకొకరికి. మనుషులు ఇందులో వింత ఏమీ లేదన్నట్టే ఉంటారు.

ఆ షాపు ఎత్తేశాక నన్ను చీరాల నుంచి వచ్చిన ఒకామె కొనుక్కుంది. పేరు నాంచారమ్మ. బస్సు పైన కట్టించి తీసుకుపోయింది.

నాంచారమ్మకు బజారులో ఒక చిన్న గది ఉండేది. మూడు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. గుడ్డ కత్తిరించేది మీరావలి అనే మాస్టరు. తెల్లారి వచ్చి బల్ల తుడుచుకుంటే చీకటి పడేదాకా కత్తెర దించడు. ఆమెను అక్కా అని పిలిచేవాడు. వాళ్ళు కుట్టిన గౌన్లకు ఊళ్ళో మంచి పేరుండేది. ఎందుకుండేదో నేను దగ్గరుండి చూశాను.

కొత్త గుడ్డ తాను విప్పగానే నాంచారమ్మ ముందు రంగు చూడదు, ధర అడగదు. ఒక మూల పట్టుకుని చెంపకు రాసుకుంటుంది. తర్వాత మెడ కింద రాసుకుంటుంది. అక్కడ గరుగ్గా తగిలితే ఆ తాను వెనక్కి పోయినట్టే. నచ్చిన గుడ్డను బక్కెట్లో నానబెట్టి, ఆరబెట్టి, అప్పుడే కత్తెర పెట్టనిచ్చేది. లేకపోతే ఉతికాక గౌను కుంచించుకుపోతుంది. మెడకు, చంకల్లో లోపలి పక్క మెత్తటి మల్లు గుడ్డ వేయించేది. కింద అంచు రెండు మడతలు మడిచి కుట్టించేది. పిల్ల పొడుగైతే మడత విప్పుకోవచ్చు.

"నాంచారక్క గౌను రెండేళ్ళొస్తది" అనేవాళ్ళు ఆడవాళ్ళు.

ఆ రోజుల్లో నా మీద గౌను తొడిగినా, ఆమె నన్ను పెద్దగా నమ్మేది కాదు. కొట్టుకొచ్చిన ఏ పిల్లనో పట్టుకుని తొడిగి, "చేతులెత్తమ్మా, ఏదీ గొంతుక్కూచో" అనేది. పిల్ల గొంతుక్కూచుని లేచాకనే ఆ గౌను గూట్లోకెక్కేది.

తర్వాత బజారు మారింది. బొంబాయి నుంచో సూరత్ నుంచో నెట్టు గౌన్లు వచ్చి పడ్డాయి. గొడుగులా విచ్చుకుని, చమ్కీలతో తళతళలాడుతూ ఎదురు షాపు నిండా వేలాడాయి. మావైపు వచ్చే ఆడవాళ్ళు మెట్టు దాకా వచ్చి, మా నూలు గౌన్లు చూసి, "ఇయ్యి ఇంట్లో ఏసుకోటానికక్కా" అని ఎదురు షాపులోకి పోయేవాళ్ళు. ఒక మిషను ఆగింది. దాని మీద కూర్చునే ఆమె ఎదురు షాపులో గుండీలు కుట్టను పోయింది.

నాంచారమ్మ కూడా నెట్టు తెచ్చింది. దాని కింద వెయ్యడానికి శాటిన్ తెచ్చింది. అవి మీరావలి మాట వినలేదు. శాటిన్ బల్ల మీద జారిపోయింది, గీత ఒకచోట గీస్తే కత్తెర ఇంకోచోట పడేది. నెట్టు మిషను పాదం కింద ముడుచుకుపోయేది. సూదులు విరిగాయి. నాంచారమ్మ ఆ నెట్టును చెంపకు రాసుకోవడం నేను చూశాను. ఒక్కసారే రాసుకుంది. చెయ్యి దించేసి నా వైపు చూసింది.

"బొమ్మకు తొడుగు మీరావలీ, ఎట్టుంటదో చూద్దాం."

నా మీద బాగుంది. బాగుండక ఏమవుతుంది? నాకు చర్మం లేదు. ఆ రోజు నుంచీ ఆమె చెంప మాట వినడం మానేసి నా మాట వినడం మొదలుపెట్టింది. నేను ఏం చెప్పానని? ఏమీ చెప్పలేదు. నిలబడ్డాను, అంతే.

అప్పుడే ఒక బడివాళ్ళు వచ్చారు. వార్షికోత్సవానికి చిన్నపిల్లల నాట్యం ఉందట. పిల్లలంతా పూలవుతారట. మొగ్గల్లా ముడుచుకుని కూర్చుని, పాట నడుస్తుంటే చేతులు పైకెత్తి విచ్చుకుంటారట. అందరికీ గులాబీరంగు నెట్టు గౌన్లు కావాలి. ఇవి నచ్చితే వచ్చే ఏడు బడి మొత్తానికి యూనిఫాం కుట్టే పని ఇస్తామన్నారు. ఆ పని వస్తే ఆగిన మిషను తిరుగుతుంది, పోయినామె వెనక్కొస్తుంది. నాంచారమ్మకు నిద్ర పట్టనిది ఆ ఒక్క సంగతికే. ఆ పూలల్లో ఆమె తమ్ముడి కూతురు పావని కూడా ఉంది. నా అంతే ఉంటుంది పిల్ల. బడి అయిపోగానే కొట్టుకొచ్చి గుండీల డబ్బా ముందేసుకుని ఆడుకునేది.

గౌన్లు సగం అయ్యేసరికి లోపల వెయ్యాల్సిన గులాబీరంగు మల్లు గుడ్డ వచ్చింది. నానబెడితే బక్కెట్టు నీళ్ళు ఎర్రగా అయ్యాయి. రంగు దిగిపోతోంది. అది వేస్తే చెమటకు పిల్లల ఒళ్ళంతా ఎర్రబారుతుంది. వేరే గుడ్డ తెప్పించను వ్యవధి లేదు.

మీరావలి కత్తెర బల్ల మీద పెట్టాడు.

"అక్కా, పోనీ మెడకూ చంకలకన్నా మన నూలు పీలికలు ఏద్దాం. లోపలెవరు చూస్తారు?"

"నెట్టులోంచి తెల్లగా అవుపడదూ? బొమ్మను చూడు, ఎంత చక్కగుందో. రెండు పాటల సేపేగా."

"బొమ్మదేముందక్కా, దానికి దురదా పాడా."

"నువ్వు కుట్టు నాయనా. రేపటికి అయిపోవాల."

అతను కుట్టాడు. నెట్టు అంచులు లోపలి పక్క మడత లేకుండా పచ్చిగానే ఉండిపోయాయి, చిన్న చిన్న ముళ్ళలాగా. చంక దగ్గర కూడా నా కొలతకే కోశారు. నిద్రపోయే పిల్లకు చంక ఎంత కావాలో అంతే.

మర్నాడు పావనికి తొడిగారు. పిల్ల మురిసిపోయి గిర్రున తిరిగింది. తిరిగి ఆగి, మెడ దగ్గర వేలు పెట్టింది.

"గుచ్చుకుంటంది అత్తా."

"కొత్తది గదా, అట్టే ఉంటది. మెడ లాగబాక, కుట్టు ఊడుద్ది."

"ఇక్కడ కూడా అత్తా." పిల్ల చెయ్యెత్తి చంక చూపించింది.

నాంచారమ్మ నోట్లో గుండుసూదులు ఉన్నాయి. అవి తీసి చేతిలో పట్టుకుని, పిల్ల భుజాలు పట్టి నా వైపు తిప్పింది.

"ఆ బొమ్మను చూడు. కదుల్తందా? గోక్కుంటందా? గౌను ఏసుకుంటే అట్టా నిలబడాల. మా పావని కూడా బొమ్మలాగ నిలబడుద్ది. నిలబడుద్దా లేదా?"

పావని నన్ను చాలాసేపు చూసింది. తర్వాత చేతులు రెండూ మెల్లగా కిందికి దించి, ఒంటికి ఆనించి పెట్టుకుంది. అచ్చం నాలాగే.

ఆ క్షణం నేను సిగ్గుతో చచ్చిపోయాను. రంపపు పొట్టుకు సిగ్గేమిటి అంటారు. ఏమో. ఒక ప్రాణమున్న పిల్ల నన్ను చూసి కదలకుండా ఉండడం నేర్చుకుంటుంటే, నాకు నోరు లేకపోయింది. ఆ ముసలాయన దగ్గర గెంతిన పిల్ల గుర్తొచ్చింది.

వార్షికోత్సవం నాడు నన్ను కూడా రిక్షాలో ఎక్కించి బడికి తీసుకుపోయారు. గులాబీ గౌను తొడిగి స్టేజి పక్కనే నిలబెట్టారు, తల్లులు చూసి ఆర్డర్లు ఇస్తారని. పిల్లలకు ఎండ ఉండగానే గౌన్లు తొడిగి వరసలో నిలబెట్టారు. ముఖ్య అతిథి రాలేదు. ఇదిగో అదిగో అంటూ పొద్దు వాలింది. రెండు పాటల సేపు అనుకున్నది ఒక పూట అయింది.

వరసలో పిల్లలు ముందు మెడలు లాక్కున్నారు, తర్వాత గోక్కున్నారు. ఒక పిల్ల జిప్పు పట్టుకుని ఏడ్చింది. టీచరమ్మ, "ష్, ఏంటి కోతుల్లాగా! పావనిని చూడండి, ఎంత బుద్ధిగా నిలబడిందో" అంది. పావని నా వైపే చూస్తూ చేతులు దించుకుని నిలబడి ఉంది. కింది పెదవి పళ్ళతో పట్టుకుంది.

పాట వచ్చింది. పూలు విచ్చుకోవాలి. చేతులెత్తగానే చంకలు పట్టేసి సగం పూలు సగంలోనే ఆగాయి. ఒక పువ్వు కూలబడి వీపు గోక్కుంది. జనం నవ్వారు. పావని మాత్రం పూర్తిగా విచ్చుకుంది. అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆ పిల్లకే పడ్డాయి. నాంచారమ్మ ముందు వరసలో కూర్చుని పక్కావిడతో, "మా తమ్ముడి కూతురు" అంది.

నాట్యం అయ్యాక నాంచారమ్మ పావనిని స్టేజి పక్కకు, నా దగ్గరికి తీసుకొచ్చి జిప్పు విప్పింది. గౌను రాలేదు. మెడ చుట్టూ నెట్టు ఒంటికి అంటుకుని ఉంది. మెల్లగా ఊడదీస్తే కింద చర్మం కొబ్బరి కోరాముతో గీసినట్టు ఎర్రగా ఉంది. చంకల్లో రక్తపు చుక్కలు. నాంచారమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పావని తల తిప్పి అడిగింది.

"నేను కదల్లేదు గదా అత్తా?"

నాంచారమ్మ పిల్లను చీర కొంగులో చుట్టి దగ్గరికి తీసుకుంది. కొంగు నూలుది, పాతది. పిల్ల అప్పుడు ఏడ్చింది. అంతదాకా ఏడవలేదు.

అప్పుడే బడి కరస్పాండెంటు గారు నవ్వుతూ వచ్చారు.

"పిల్లలన్నాక ఏడుస్తారు, పట్టించుకోకండి. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. యూనిఫాం పని మీకే. గుడ్డ మేమే చూసి పెట్టాం, బాగా మెరుస్తుంది."

నాంచారమ్మ లేచింది. ఆమె ఏమంటుందా అని నేను చూశాను. యూనిఫాం కోసమే గదా ఇంతా చేసింది. ఆమె నా దగ్గరికొచ్చి, నా మీది గౌను విప్పింది. దాన్ని తిరగేసింది. లోపలి పక్క పైకి, పైపక్క లోపలికి. అట్లాగే మళ్ళీ నాకు తొడిగింది. దారాలు, పచ్చి అంచులు, ముళ్ళు అన్నీ బయటపడ్డాయి.

"ఏందక్కా, బొమ్మకు గౌను తిరగేసి తొడిగావు?" అంది పిల్లను ఎత్తుకున్న ఒక తల్లి.

"పిల్లకు తగిలేది ఇటుపక్కేగా అమ్మా. నేను చూడలా. మీరన్నా చూడండి." మిగతా తల్లులను కూడా చేత్తో పిలిచింది. "ఆ గౌన్లన్నీ రేపు కొట్టుకు తెచ్చి ఇవ్వండి. మెడలూ చంకలూ ఇప్పి, నూలు ఏసి ఇస్తా."

తర్వాత కరస్పాండెంటు గారి వైపు తిరిగింది. "గుడ్డ నేనే చూసి తేవాలండీ. చంక దించి వదులుగా కొయ్యాల. అట్టయితే కుడతా."

ఆయన ఆలోచించి చెబుతానన్నారు. యూనిఫాం ఎదురు షాపుకు పోయింది. బాగా మెరిసిందని విన్నాను.

ఆగిన మిషను చాలాకాలం అలాగే ఆగి ఉంది. గౌన్లు తెచ్చిన ప్రతి తల్లి ఎదుటా నాంచారమ్మ తల వంచుకునే విప్పింది, తల వంచుకునే కుట్టింది. కొందరు మాటలన్నారు, పడింది. మీరావలి "నే చెప్పలా" అనలేదు. పక్కన కూర్చుని నూలు పీలికలు కోసి ఇచ్చాడు.

అప్పటి నుంచీ ఈ కొట్లో నాకు ఏ గౌను తొడిగినా తిరగేసే తొడుగుతారు. కొత్తవాళ్ళు నవ్వుతారు. తెలిసినవాళ్ళు దగ్గరికొచ్చి కుట్లు తడిమి చూసుకుంటారు.

ఇప్పుడు కొట్టు పావనిది. మిషన్లు పెరిగాయి. నాంచారమ్మ వాకిలి దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి తానూ చెంపకు రాసుకుంటుంది. చెయ్యి వణుకుతుంది గాని చెంప వణకదు. పావని గౌను తొడిగి పిల్లలను గెంతిస్తుంది, గోడకున్న మేకు అందుకోమంటుంది, లడ్డూ పెట్టి తినమంటుంది. పొట్ట నిండాక కూడా గౌను పట్టాలి గదా. పావని మెడ మీద సన్నటి గీత ఒకటి ఇంకా ఉంది. నాంచారమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ అటు చూసి మాట మరచిపోతుంది.

మొన్న ఒక తల్లి పిల్లను తెచ్చింది. పిల్ల కుదురుగా లేదు. గెంతుతోంది, టేపు లాగుతోంది.

"అబ్బబ్బ, కాసేపు నిలబడవే! ఆ బొమ్మను చూడు, ఎట్టుందో!" అంది తల్లి.

కుర్చీలో నాంచారమ్మ చేతిలోని గుడ్డ ఒళ్ళో పడింది. పావని టేపు మెళ్ళో వేసుకుని నా దగ్గరికొచ్చింది. నా భుజాలు పట్టుకుని మెల్లగా గోడ వైపు తిప్పింది.

నాకు తల లేదు, దించుకోలేను. ఇన్నేళ్ళకు ఆ పని ఆ పిల్లే చేసిపెట్టింది. వెనక గెంతులు వినబడుతున్నాయి.