ఊడని తలుపు

వడ్రంగి సంచీ దించేసరికి పిచ్చుక గుమ్మంలో నిలబడి పాత తలుపుకేసి చూస్తోంది. పేరుకే పిచ్చుక. ఇప్పుడామె మెట్లెక్కితే కింద గదిలో గిన్నెలు కదులుతాయి. చిన్నప్పుడు ఇటుకల బట్టీలో ఎవరో పిలిచిన పిలుపు అలాగే అతుక్కుపోయింది. ఇంటికి రంగులు వేయిస్తూ, పనిలో పనిగా వీధి తలుపు కూడా మార్చేద్దామనుకుంది. చెక్క చివికిపోయింది, కింది అంచు చెదలు తినేసింది. తలుపు తీయిస్తున్నానని వసారాలో మంచం మీదున్న తల్లికి చెబితే ఆవిడ ఊఁ అని ఊరుకుంది.

పిచ్చుక ఊరుకోలేకపోయింది. ఆమె మనసు అప్పుడే చిన్నతనంలోకి వెళ్ళి కూర్చుంది.

అప్పట్లో ఈ తలుపు ఏటా ఊడేది. బందులుండేవి కావు. తలుపు పైనా కిందా పొడుచుకొచ్చిన కర్రముక్కలు ద్వారబంధంలోని గుంటల్లో తిరిగేవి. కాస్త పైకెత్తి పక్కకి లాగితే చేతిలోకి వచ్చేసేది. వానలు వెనకపట్టి, కోతలు అయిపోయి, ఊళ్ళో పనులు లేనప్పుడు బట్టీ మేస్త్రీ దిగేవాడు. అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఇక ఆ ఇంటిల్లిపాదీ మళ్ళీ వానలు పడేదాకా అతని మనుషులే. ఖాళీ ఇంటి తలుపు ఎవరి పొయ్యిలోకి పోతుందో చెప్పలేం కదా, అందుకని వెళ్ళే రోజు పొద్దున్నే నాన్న తలుపు ఊడదీసి, నెత్తిన పెట్టుకుని, పక్కింట్లో ఉండే పెద్దమ్మకి అప్పగించేవాడు. నాన్న నెత్తిన తలుపు కనబడిందంటే పిచ్చుకకి బడి అయిపోయినట్టే.

బట్టీలో అమ్మ మట్టి తొక్కేది, నాన్న అచ్చు పోసేవాడు. పచ్చి ఇటుకలు ఒక పక్క ఆరాక రెండో పక్కకి తిప్పడం పిచ్చుక పని. పెద్దవాళ్ళ కాలు తగిలితే ఇటుక నలిగిపోతుంది. ఈ పిల్ల మాత్రం వరసల మధ్య గెంతుతూ పోతుంటే ఒక్క అంచు కూడా చెదిరేది కాదు. పిచ్చుక అన్న పేరు అక్కడే వచ్చింది. పేరు బాగానే ఉంది గానీ బడిలో ఏ పుస్తకమైనా ఆమెకి ముందు సగమే తెలుసు. తెలుగు వాచకంలో తప్పిపోయిన మేకపిల్ల కథ ఒకటుండేది. ఆ మేకపిల్ల అడవిలో సాయంత్రం దాకా వచ్చింది. తర్వాత ఏమైందో, ఇల్లు చేరిందో లేదో పిచ్చుకకి తెలియదు. బట్టీలో ఇటుకలు తిప్పుతూ ఎన్నిసార్లు బెంగపెట్టుకుందో లెక్కలేదు.

అలాంటి రోజుల్లో సర్కారు వాళ్ళు పేదింటి తల్లుల పేరు మీద నెలనెలా బ్యాంకులో డబ్బు వేయడం మొదలుపెట్టారు. మధ్యలో ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. నాన్నకి నమ్మకం కుదరలేదు. ఊరికే ఎవడిస్తాడు, ఇందులో ఏదో తిరకాసు ఉండే ఉంటుందన్నాడు. మొదటిసారి డబ్బు పడ్డ రోజు అమ్మ బజారుకి వెళ్తే తండ్రీకూతుళ్ళు గుమ్మంలో ఎదురుచూస్తూ కూర్చున్నారు. బియ్యం తెస్తుందేమో, నూనె తెస్తుందేమో అని ఆశ. అమ్మ పిడికెడంత కాగితం పొట్లం తెచ్చింది. విప్పితే రెండు ఇనుప బందులు, కాసిని మరమేకులు.

నాన్న ఒంటికాలి మీద లేచాడు. లోకమంతా తిండిగింజలు కొనుక్కుంటుంటే ఈవిడగారు తలుపుకి నగలు చేయించిందని ఊరందరికీ వినబడేలా అరిచాడు.  అమ్మ ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచి బందులు బిగింపించింది. ఆ వడ్రంగి కొడుకే ఇప్పుడొచ్చిన ఇతను.

ఆ ఏడు మేస్త్రీ రానే వచ్చాడు. నాన్న చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఈ నెల పడిన డబ్బు వచ్చే నెల పడకపోతే ఏం తింటాం అన్నదే ఆయన దిగులు. ఇంట్లో మాట చెప్పకుండా టీ కొట్టు దగ్గరే అడ్వాన్సు పుచ్చుకున్నాడు. బయల్దేరే పొద్దున మూటలు కట్టమన్నాడు. అమ్మ కట్టలేదు. ఆ సంగతి గమనించనట్టే, ఏటా చేసినట్టే వంగి తలుపు రెండు చేతులా పట్టుకుని పైకెత్తాడు. తలుపు కదల్లేదు. మళ్ళీ ఎత్తాడు. కాలు గోడకి తన్ని లాగాడు. ఆ తలుపుకి బందులు వేయించారని ఆయనకి తెలియక కాదు, చేతులకి పాత అలవాటు. పిచ్చుక పుస్తకాల సంచీ గుండెకి హత్తుకుని మూలన నిలబడి ఉంది. ఆ తలుపు ఊడొస్తే తన చదువు ఊడినట్టేనని ఆ పిల్లకి బాగా తెలుసు.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. "అది ఊడదయ్యా. ఊడకూడదనే బిగింపించాను. నువ్వెళ్తానంటే వెళ్ళు. నేనూ పిల్లా ఈ గడప దాటం."

ఒంటి మగాడితో మేస్త్రీకి పనేముంది? మట్టి తొక్కేవాళ్ళుండాలి, ఇటుక తిప్పేవాళ్ళుండాలి. నాన్న గడప మీద చతికిలబడి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, కండువా దులుపుకుని, అడ్వాన్సు తిరిగిచ్చేయడానికి వెళ్ళాడు. పెళ్ళాం మాట వినే మగాడని మేస్త్రీ నలుగురిలో నానా మాటలూ అన్నాడట. నాన్న తలొంచుకుని పడ్డాడట.

సొంతింట్లో ఎండాకాలం ఎలా ఉంటుందో వాళ్ళకి అప్పుడే తెలిసింది. పొయ్యి వానాకాలం గాలి చూసి కట్టిందాయె. ఎండాకాలం గాలి అటునుంచి ఇటు మళ్ళి పొగంతా ఇంట్లోకే. పెళ్ళయి అన్నేళ్ళ తర్వాత తమ పొయ్యి తప్పు దిక్కున ఉందని తెలుసుకున్న దంపతులు లోకంలో వీళ్ళే అయ్యుంటారు. అంతకంటే వింత పెరట్లో మామిడిచెట్టు. గొడ్డు చెట్టని నాన్న ఏటా నరికేస్తాననేవాడు. నీడకైనా ఉంటుంది, ఉంచు మరిదీ అని పెద్దమ్మ ఏటా అడ్డుపడేది. ఆ ఏడు చెట్టు నిండా కాయలు దిగాయి. నాన్న నోరెళ్ళబెట్టి చూస్తుంటే పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసి, కాస్త కూడా తడబడకుండా అంది, "ఇన్నేళ్ళూ నేను కోసుకున్న కాయలు తలుపు దాచినందుకు అద్దె అనుకో మరిదీ."

నాన్న నవ్విన నవ్వుకి పొలమారింది. అంత నవ్వు ఆయన ముఖంలో పిచ్చుక అదే చూడటం. బడిలో మేకపిల్ల కథ కూడా ఆ ఎండల్లోనే పూర్తయింది. మేకపిల్ల ఇల్లు చేరింది. ఇంతోటి దానికా నేనిన్నాళ్ళు ఏడ్చింది అనుకుంది పిచ్చుక. అయినా ఆ రోజు ఇంటికి పరిగెత్తుకొచ్చి అమ్మకి రెండుసార్లు చెప్పింది. ఎంత హాయి రోజులవి! చేతిలో డబ్బు ఎక్కువేం లేదు. కానీ మేస్త్రీ వచ్చే వేళకి ఇంట్లో గింజలుండేవి, కాదనే ధైర్యం ఉండేది. నాన్న ఊళ్ళోనే తాపీ పని పట్టుకున్నాడు. ఇటుక సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా?

కొన్నేళ్ళకి ఆ డబ్బు ఆగిపోయింది. నాన్న భయపడ్డంతా అయింది. ఆ ఏడు వానల్లేవు, తాపీ పనీ లేదు. మేస్త్రీ మళ్ళీ వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఈసారి బెంబేలెత్తింది అమ్మ. ఈ ఒక్క ఏడూ వెళ్ళొద్దాం అంది. అప్పటికి పిచ్చుక పై తరగతికి వచ్చింది. ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న కాదనలేదు. ముందు తలుపు ఊడదీయించు, తర్వాత చూద్దాం అన్నాడు. మర్నాడు అమ్మే వెళ్ళి వడ్రంగిని పిలుచుకొచ్చింది. అతను స్క్రూడ్రైవరుతో చెమటలు కక్కాడు. ఒక్క మరమేకు తిరగలేదు. తుప్పు పట్టేసింది, ద్వారబంధం పగలగొట్టాల్సిందే అన్నాడు. పగలగొట్టడానికి అమ్మకి చేతులు రాలేదు. తలుపు వదిలేసి రాలేమని మేస్త్రీని పంపించేశారు. అరకొర తిండితో ఆ ఏడు ఎలాగో గట్టెక్కారు. పిచ్చుక చదువు ఆగలేదు. తుప్పు పుణ్యమా అని చదువుకున్నానని ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటుంది.

"అక్కా, ఓసారి ఇలా చూడు."

వడ్రంగి పిలుపుతో పిచ్చుక ఈ లోకంలోకి వచ్చింది. అతను బందుల మీది పాత రంగు గీకేసి, మరమేకుల తలలు వేలితో తడుముతున్నాడు.

"మా నాన్న తుప్పు అన్నాడని చెబుతుంటావుగా? ఇది తుప్పు కాదక్కా. తలల మీద గాటు లేకుండా ఎవరో ఆకురాయితో అరగదీశారు. ప్రతి మేకూ అంతే. పని తెలిసిన చెయ్యి. మా నాన్న తెలిసే తుప్పన్నట్టున్నాడు."

 ఆ ఇంట్లో ఆకురాయి ఒక్కటే ఉండేది. తాపీ అంచు నూరుకోవడానికి నాన్న కొనుక్కున్నది. నెత్తిన తలుపుతో నడిచిన నాన్న, కాలు గోడకి తన్ని లాగిన నాన్న, పోయి ఇన్నేళ్ళయినా ఒక్కసారిగా ఆమె కళ్ళముందు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటూ వసారాలోకి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆ మేకులు అరగదీసింది నాన్నే. నీకు తెలుసా?"

ముసలావిడ కూతురి ముఖం చూసి చిన్నగా నవ్వింది.

"వడ్రంగిని తీసుకొచ్చేసరికి గడప మీద ఇనుప రజను పడి ఉంది. అతను చూడకముందే చీపురు పెట్టి ఊడ్చేశాను."

"మరి నాన్నని అడగలేదా?"

"ఎందుకడగటం? బట్టీకి వెళ్దామన్నది నేనే కదా. అడిగితే ఆ మాట మళ్ళీ గుర్తు చేసుకోవాలి. ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు."

పిచ్చుక లేచి వెళ్ళి, కొత్త తలుపు పెరటి గుమ్మానికి పెట్టమని వడ్రంగికి చెప్పింది.