బుట్టకి టికెట్

మా ఇంట్లో జోకులు బ్యాన్. ఆరేళ్లయింది.

నాకు నార్కోలెప్సీ. పగలు నిద్ర ముంచుకొచ్చేస్తుంది. దానికి పొద్దున్నే వేసుకునే టాబ్లెట్ ఉంది కాబట్టి కోడూర్లో ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటున్నా. అసలు గొడవ నవ్వుతో. గట్టిగా నవ్వొస్తే కూలిపోతా. స్పృహ ఉంటుంది, అన్నీ వినపడతాయి, కనురెప్ప కూడా కదలదు.

మా డాడీ శామ్యూల్ రాజ్ బస్సు కండక్టర్‌గా రిటైరయ్యాడు. టికెట్ల కంటే జోకులే ఎక్కువ కొట్టాడంటారు. నేను బందర్లో బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పుడు, సెలవులకొస్తే ఏదో జోకేశాడు. కుళాయి గట్టు మీద పడ్డా. కనుబొమ్మకి నాలుగు కుట్లు. ఆ రోజు నుంచి నా ముందు ఆయన మాట్లాడేది ఎండ గురించి, వాన గురించి.

రెండేళ్ల కిందట నవ్వినా పడకుండా ఉండే మందొకటి వాడా. పనిచేసింది కూడా. ఈలోగా తుఫాను. నాలుగు రోజులు రోడ్లు మునిగాయి, స్ట్రిప్ అయిపోయింది. ఆ మందు ఉన్నట్టుండి ఆపకూడదు. ఆగితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. నవ్వక్కర్లేదు, ఎవరన్నా పేరు పెట్టి పిలిచినా పడిపోయేదాన్ని. అమ్మ అన్నం కలిపి నోట్లో పెడితే సగం మెడ మీదకి జారేది.

ఇక నవ్వుకి మందులొద్దు అనుకున్నా. ఆగస్టులో గుడివాడ డాక్టర్ గారు ఇంకోటి రాశారు.

"ఇదీ సడన్‌గా మానకూడదమ్మా. పనిచెయ్యడానికి మూడు వారాలు పడుతుంది."

తెచ్చి సొరుగులో పడేశా.

అక్టోబర్లో డాడీ గొంతు బొంగురుపోయింది. క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు, గురువారం ఆపరేషన్. మాకు చెప్పింది శుక్రవారం. ఆరు రోజులు. ఆ గొంతు పోయేలోపు ఒక జోకు విని పడకుండా ఉండాలంటే మందుకి ఇరవై ఒకటి కావాలి. ఆగస్టులోనే మొదలుపెట్టుంటే సరిపోయేది.

బుధవారం మధ్యాహ్నం డాడీ మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నా.

"డాడీ, ఒక జోకు చెప్పు."

"పిచ్చా నీకు?"

"పడుకునే ఉన్నాగా. ఇంకా ఎక్కడికి పడతా?"

"మీ అమ్మ నా పీక కోస్తుంది."

"ఎలాగూ రేపు కోస్తున్నారుగా."

"నీ నోరు పడ!" అన్నాడు, కానీ లేచి కూర్చున్నాడు. నేను ఫోన్లో రికార్డింగ్ నొక్కి దిండు పక్కన పెట్టా. టెస్టర్ని కదా, ఏం జరిగినా లాగ్ ఉండాలి.

"అవనిగడ్డలో ఒక మామ్మగారు చేపల బుట్టతో ఎక్కింది. బుట్టకి లగేజీ టికెట్ కొట్టా. 'టికెట్ తీశాక సీటివ్వాలిగా' అని బుట్టని పక్క సీట్లో కూర్చోబెట్టింది. దార్లో చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. 'బుట్ట తియ్యవమ్మా, నేను కూర్చుంటా' అన్నాడు. మామ్మ ఆయన్ని కిందికీ పైకీ చూసి, 'దానికి టికెట్టుంది బాబూ. నీకుందా?' అంది."

అంతే. దవడ జారిపోయింది, రెప్పలు వాలిపోయాయి. లోపల పగలబడి నవ్వుతున్నా. బయట నా మొహం శవంలా ఉంటుందట.

"శాంతీ?"

వింటున్నా డాడీ.

"అమ్మా, చాల్లే, లే. శాంతీ... ప్రభువా, ఈ గొంతు రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే తీసెయ్యి."

రెండు నిమిషాలకి వేళ్లు కదిలాయి. లేచి, సొరుగు తీసి, మొదటి టాబ్లెట్ వేసుకున్నా.

"ఎన్నున్నాయి?" అన్నాడు.

"దీంతో కలిపి ఇరవై ఎనిమిది."

"తుఫాన్ల రోజులు."

"తెలుసు."

ఇరవై నాలుగో రోజు. సముద్రంలో వాయుగుండం అంటున్నారు. స్ట్రిప్‌లో నాలుగున్నాయి, రేపే బందరు వెళ్లి తెచ్చుకోవాలి. డాడీ మంచం మీద కూర్చున్నాడు, మెడలో రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. నేను గోడ పట్టుకుని నిలబడి రికార్డింగ్ పెట్టా.

"...నీకుందా?" అంది ఫోన్లో మామ్మ.

మోకాళ్లు వణికాయి. పడలేదు. ఇల్లంతా వినపడేట్టు నవ్వా. డాడీ కూడా నవ్వుతున్నాడు. చప్పుడు లేదు, భుజాలే ఊగుతున్నాయి.

ఫోన్లోంచి "శాంతీ?" అని వినపడింది.

డాడీ వంగి ఫోన్ లాక్కుని ఆపేశాడు. పలక తీసుకుని రాశాడు: మామ్మ దాకా ఉంచి మిగతాది కట్ చెయ్యి.

సరేనన్నా. ఇంకా చెయ్యలేదు.